ముందు చిప్, తర్వాతే డిస్ట్రో: ఫర్మ్‌వేర్ లైసెన్సులు చూసి ఆపరేటింగ్ సిస్టమ్ ఎంచుకోవడం ఎలా

లినక్స్ ఇన్‌స్టాల్ చేశాక వై-ఫై గుర్తు కనబడకపోతే డ్రైవర్ లేదని అనుకుంటారు చాలామంది. ఎక్కువసార్లు డ్రైవర్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లోనే ఉంటుంది. లేనిది చిప్‌ను నడిపే కోడ్, అంటే చిప్‌లోకి ఎక్కించాల్సిన ఫర్మ్‌వేర్ ఫైలు. అది మీరు ఇన్‌స్టాల్ చేసే ఐఎస్‌ఓ ఇమేజ్‌లో ఉందా లేదా అన్నది తేల్చేది లైసెన్సు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు, డ్రైవర్ రాసినవాళ్లు కష్టపడి రాసి ఇచ్చినా చిప్ కంపెనీ కాగితం అడ్డం పడుతుంది.

ఈ కాగితాన్ని లినక్స్ డిస్ట్రోల్లో (లినక్స్ కూర్పుల్లో) డెబియన్ ఒకలా చదివింది, ఫెడోరా ఒకలా, లినక్స్ కాని ఓపెన్‌బీఎస్‌డీ ఇంకోలా. స్వేచ్ఛా కోడ్ కానిదంతా తీసేసిన లినక్స్-లిబ్రే కెర్నల్ అయితే చదవాల్సిన పనే లేదంది. మీ మెషీన్‌కి ఎవరి పద్ధతి నప్పుతుందో చెప్పాలంటే ముందు అందులో ఏ చిప్ ఉందో, దాని ఫర్మ్‌వేర్‌ను ఎవరు ఎవరికి ఇవ్వొచ్చో తెలియాలి.

## చిక్కు ఎక్కడ మొదలైంది

వై-ఫై కార్డులో, గ్రాఫిక్స్ కార్డులో సొంత ప్రాసెసర్ ఉంటుంది. అది నడవడానికి కోడ్ కావాలి. ఆ కోడ్‌ను కార్డు మీదే ఫ్లాష్ మెమరీలో పెడితే ఖర్చు. అందుకని చాలా కంపెనీలు కార్డులో ర్యామ్ మాత్రమే పెట్టి, బూట్ అయిన ప్రతిసారీ ఆపరేటింగ్ సిస్టమ్ ఆ కోడ్‌ను అందించాలని వదిలేశాయి. అంటే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ఫైలును తనతో మోసుకెళ్లాలి. మోసుకెళ్లడమంటే కాపీ చేసి పంచడం. పంచాలంటే కాపీరైట్ ఉన్నవాళ్ల అనుమతి కావాలి.

మొదట్లో ఈ కోడ్ డ్రైవర్ సోర్సులోనే (మనుషులు చదవగల మూల కోడ్‌లోనే) అంకెల వరుసగా ఇరుక్కుని ఉండేది. చుట్టూ జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కోడ్, మధ్యలో సోర్సు లేని బైనరీ. జీపీఎల్ ప్రకారం సోర్సు ఇవ్వాలి, కానీ ఇవ్వడానికి ఎవరి దగ్గరా లేదు. బ్రాడ్‌కామ్ గిగాబిట్ కార్డుల టీజీ3 డ్రైవర్‌లో చివరికి ఫర్మ్‌వేర్‌కు విడిగా ఒక అనుమతి వాక్యం రాయాల్సి వచ్చింది: కాపీరైట్ నోటీసు తోడుగా ఉంటే ఈ డేటాను హెక్సాడెసిమల్ రూపంలో గానీ దానికి సమానమైన రూపంలో గానీ పంచుకోవచ్చని. తర్వాత ఈ ఫైళ్లన్నీ లినక్స్-ఫర్మ్‌వేర్ అనే వేరే భాండారానికి మారాయి. 2017లో వచ్చిన 4.14 కెర్నల్‌తో కెర్నల్ సోర్సులోని ఫర్మ్‌వేర్ డైరెక్టరీనే తీసేశారు. ఆ భాండారంలో ‘వెన్స్’ అనే ఫైలు ఉంటుంది. ఏ ఫైలు ఎక్కడిది, ఏ లైసెన్సు కింద వచ్చిందన్నది అందులో డ్రైవర్ల వారీగా రాసి ఉంటుంది. దీన్ని చదవడం అలవాటు చేసుకుంటే సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

## నాలుగు రకాల కాగితాలు

మార్చకుండా పంచుకోవచ్చు అనేది మొదటి రకం. ఇంటెల్ వై-ఫై ఫర్మ్‌వేర్ లైసెన్సు ఇలాంటిదే: బైనరీని ఉన్నది ఉన్నట్టు పంచవచ్చు, కాపీరైట్ నోటీసు తోడుగా ఉండాలి, రివర్స్ ఇంజినీరింగ్ చేయకూడదు. ఏఎండీ గ్రాఫిక్స్, రియల్‌టెక్ ఫైళ్లు కూడా సోర్సు లేకుండా పంచుకోదగ్గవే. ఇవాళ అమ్మే ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా తగిలేది ఈ రకమే.

అసలు పంచకూడదు అనేది రెండోది. పాత బ్రాడ్‌కామ్ చిప్‌లకు వాడే బీ43 డ్రైవర్ దీనికి పేరుపడ్డ ఉదాహరణ. డ్రైవర్ 2008 జనవరిలో 2.6.24 కెర్నల్‌తో వచ్చేసింది, ఫర్మ్‌వేర్‌కు మాత్రం పంపిణీ అనుమతి రాలేదు. కాబట్టి కంపెనీ సోర్సు ఇవ్వని ప్రొప్రైటరీ డ్రైవర్‌ను దించుకుని, అందులోంచి ఫర్మ్‌వేర్‌ను బీ43-ఎఫ్‌డబ్ల్యూకట్టర్ అనే పనిముట్టుతో కోసి తీయాలి. డెబియన్‌లోని ఫర్మ్‌వేర్-బీ43-ఇన్‌స్టాలర్ ప్యాకేజీ ఈ పని దానంతట అదే చేస్తుంది. కానీ దానికి ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ రావాలంటే ఈ ఫర్మ్‌వేర్ కావాలి. ఈథర్నెట్ కేబుల్ లేకపోతే ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ పెట్టండి. ఆండ్రాయిడ్ ఫోన్ నెట్‌వర్క్ కార్డులా కనబడుతుంది, దానికి మీ మెషీన్ వైపు ఏ ఫర్మ్‌వేరూ అక్కర్లేదు.

మూడోది, వాడకం మీదే ఆంక్ష పెట్టే లైసెన్సు. రాస్ప్‌బెర్రీ పై బూట్ ఫర్మ్‌వేర్‌ను పంచవచ్చు, కానీ రాస్ప్‌బెర్రీ పై బోర్డు కోసమే వాడాలి.

సోర్సుతో సహా వచ్చే నిజమైన స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ నాలుగోది. ఇవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. క్వాల్‌కామ్ ఏథెరోస్ 2013లో ఏఆర్7010, ఏఆర్9271 యూఎస్‌బీ చిప్‌ల ఫర్మ్‌వేర్ సోర్సును విడుదల చేసింది. డెబియన్ దాన్ని సోర్సు నుంచే కట్టి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మాత్రమే ఉండే ప్రధాన విభాగంలో ఇస్తుంది.

లైసెన్సు మాట ఎంత దూరం వెళ్తుందో 2018 ఆగస్టులో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఫర్మ్‌వేర్) విషయంలో తెలిసొచ్చింది. ఎల్1టీఎఫ్ భద్రతా లోపానికి దిద్దుబాటుగా వచ్చిన మైక్రోకోడ్‌తో పాటు లైసెన్సులో కొత్త షరతు చేరింది: బెంచ్‌మార్క్ ఫలితాలు, పోలిక పరీక్షల ఫలితాలు ప్రచురించకూడదు, ప్రచురించనివ్వకూడదు. లోపం దిద్దితే ప్రాసెసర్ ఎంత నెమ్మదిస్తుందని అందరూ కొలవాలనుకుంటున్న సమయమది. డెబియన్ ఆ ప్యాకేజీని బయటికి వదలకుండా ఆపింది. విమర్శ పెరగడంతో ఇంటెల్ కొద్దిరోజుల్లోనే ఆ షరతు తీసేసి, మామూలు పంపిణీ లైసెన్సు పెట్టింది. వాడకందారు మెషీన్‌కి భద్రత అందడం ఆలస్యమైంది ఒక్క వాక్యం వల్ల. ‘ఫర్మ్‌వేర్ లైసెన్సు ఎవరు చదువుతారు’ అనేవాళ్లకు ఇదే జవాబు: డిస్ట్రోలో ఒకరు చదివారు కాబట్టే ఆ వాక్యం పోయింది.

## డెబియన్: 12 నుంచి లెక్క మారింది

ఈ విషయం మీద డెబియన్‌లో జరిగినంత వాదన ఇంకెక్కడా జరగలేదు. 2004లో మొదలుపెట్టి 2006లో ఎచ్ వెర్షన్ కోసం, 2008లో లెన్నీ వెర్షన్ కోసం ఓట్లు వేసుకుని మినహాయింపులు ఇచ్చుకుంటూ వచ్చారు. 2011 ఫిబ్రవరిలో వచ్చిన స్క్వీజ్ వెర్షన్‌తో కెర్నల్‌లోంచి సోర్సు లేని ఫర్మ్‌వేర్ పూర్తిగా, స్వేచ్ఛా లైసెన్సు లేనివి ఉండే నాన్-ఫ్రీ విభాగానికి వెళ్లిపోయింది. ఆ రోజుల్లో అధికారిక ఐఎస్‌ఓతో ఇంటెల్ వై-ఫై నడిచేది కాదు. ఫర్మ్‌వేర్ కలిపిన అనధికారిక ఐఎస్‌ఓ ఎక్కడో లోపల దాగి ఉండేది, కొత్తవాళ్లకు దొరికేది కాదు.

2022లో మళ్లీ ఓటింగ్ జరిగింది. ఆ ఓటుతో, డెబియన్ ఇచ్చిన మాట లాంటి సామాజిక ఒప్పందంలోనే ఒక వాక్యం చేర్చారు: హార్డ్‌వేర్ నడవడానికి అవసరమైతే, డెబియన్‌లో భాగం కాని ఫర్మ్‌వేర్ కూడా అధికారిక మీడియాలో ఉండవచ్చని. 2023 జూన్ 10న వచ్చిన డెబియన్ 12తో నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే కొత్త విభాగం పుట్టింది. ఇన్‌స్టాలర్ మీ హార్డ్‌వేర్ చూసి, కావాల్సిన ప్యాకేజీలు మాత్రమే పెట్టి, ఆ విభాగాన్ని ఆన్ చేస్తుంది. అలా వద్దనుకుంటే బూట్ లైనులో ఫర్మ్‌వేర్ ఈక్వల్స్ నెవర్ అని ఇస్తే చాలు. ఆ వీలు ఉంచారు కనకే ఈ పరిష్కారం మంచిదని నిస్సందేహంగా చెప్పవచ్చు. ప్రొప్రైటరీ సాఫ్ట్‌వేర్ మొత్తానికి తలుపు తెరవకుండా, ఫర్మ్‌వేర్‌కు మాత్రం విడి గది కట్టారు.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. డెబియన్ 11 నుంచి 12కు అప్‌గ్రేడ్ అయినవాళ్లకు, ప్యాకేజీలు ఎక్కడినుంచి తేవాలో చెప్పే సోర్సెస్ ఫైలులో ‘నాన్-ఫ్రీ’ అని మాత్రమే ఉంటుంది. ఫర్మ్‌వేర్ అక్కడినుంచి కొత్త విభాగానికి మారిపోయింది. ప్యాకేజీలు దించే ఆప్ట్ కమాండ్ ఒక చిన్న నోటీసు చూపించి ముందుకెళ్లిపోతుంది, ఎర్రర్ రాదు. పాత ఫర్మ్‌వేర్ డిస్కు మీద ఉంది కాబట్టి వై-ఫై నడుస్తూనే ఉంటుంది. మైక్రోకోడ్ భద్రతా అప్‌డేట్లు మాత్రం ఆగిపోతాయి, ఆ సంగతి ఎవరూ చెప్పరు. సోర్సెస్ ఫైలు తెరిచి, ప్రధాన వరుసతో పాటు సెక్యూరిటీ, అప్‌డేట్స్ వరుసల్లో కూడా నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ చేర్చండి. తర్వాత ఆప్ట్ అప్‌డేట్, ఆప్ట్ అప్‌గ్రేడ్ నడపండి. అప్పుడు ఇంటెల్-మైక్రోకోడ్ లేదా ఏఎండీ64-మైక్రోకోడ్ కొత్త వెర్షన్ దిగితే, ఇన్నాళ్లూ ఆగి ఉందన్నమాట.

## ఫెడోరా, ఉబుంటు

ఫెడోరా నియమం సూటిగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ అంతా స్వేచ్ఛా లైసెన్సులోనే ఉండాలి, ఒక్క ఫర్మ్‌వేర్‌కే మినహాయింపు. అదీ ప్రధాన సీపీయూ మీద నడవనిది అయితేనే, పరికరానికి అవసరమైతేనే, పంపిణీ అనుమతి ఉంటేనే. అందుకే ఇంటెల్, ఏఎండీ మెషీన్లలో ఫెడోరా లైవ్ యూఎస్‌బీ పెట్టగానే అన్నీ నడుస్తాయి. బ్రాడ్‌కామ్ ‘డబ్ల్యూఎల్’ డ్రైవర్ మాత్రం అందులో ఉండదు. అది ఫర్మ్‌వేర్ కాదు, ప్రధాన సీపీయూ మీద కెర్నల్ లోపల నడిచే ప్రొప్రైటరీ కోడ్. ఆర్‌పీఎమ్ ఫ్యూజన్ అనే బయటి భాండారం నుంచి తెచ్చుకోవచ్చు, కానీ కెర్నల్ మారిన ప్రతిసారీ మళ్లీ కంపైల్ అవ్వాలి. సంతకం లేని కోడ్‌ను ఆపే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఆ మాడ్యూల్‌పై మీ సొంత కీతో సంతకం చేయాలి, లేకపోతే లోడ్ కాదు. కెర్నల్ అప్‌డేట్ మర్నాడు వై-ఫై పోయిందంటే తరచుగా కారణం ఇదే.

ఉబుంటు లినక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీని మొదటి నుంచే పెట్టేస్తుంది. అదనపు డ్రైవర్ల విండోలో బ్రాడ్‌కామ్ డ్రైవర్ కూడా ఒక క్లిక్ దూరం. ఇంట్లో పెద్దవాళ్లకు, పిల్లల చదువుకు మెషీన్ తయారుచేసి ఇచ్చేటప్పుడు దీన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

## ఓపెన్‌బీఎస్‌డీ, ఫ్రీబీఎస్‌డీ

ఓపెన్‌బీఎస్‌డీ ఈ పోరును కంపెనీల గుమ్మం దాకా తీసుకెళ్లింది. 2004లో వై-ఫై చిప్ కంపెనీలను ఫర్మ్‌వేర్ పంచుకునే హక్కు ఇవ్వమని బాహాటంగా అడిగింది. రాలింక్ లాంటివి ఒప్పుకున్నాయి. ఆ ప్రాజెక్టు నాయకుడు థియో డి రాడ్‌కు ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2004 సంవత్సరపు పురస్కారం ఇచ్చింది. గమనించాల్సింది, వాళ్లు అడిగింది ఫర్మ్‌వేర్ సోర్సు కాదు. పంచుకునే హక్కు, డ్రైవర్ రాసుకోవడానికి డాక్యుమెంటేషన్. డ్రైవర్‌లో మాత్రం బైనరీ ముక్క ఒక్కటి కూడా ఒప్పుకోరు.

కాబట్టి షరతుల్లేని ఫర్మ్‌వేర్ బేస్ సిస్టమ్‌లోనే ఉంటుంది. షరతులున్నవి వేరే సర్వర్‌లో ఉంటాయి, వాటిని ఎఫ్‌డబ్ల్యూ-అప్‌డేట్ కమాండ్ దించుతుంది. ఇంటెల్ వై-ఫై ఒక్కటే ఉన్న ల్యాప్‌టాప్ అయితే ముందే సిద్ధపడండి. యూఎస్‌బీ టెథరింగ్ పెడితే పని అయిపోతుంది. అదీ కుదరకపోతే ఇంకో మెషీన్‌లో ఓపెన్‌బీఎస్‌డీ ఫర్మ్‌వేర్ సర్వర్ తెరిచి, మీ వెర్షన్ ఫోల్డర్‌లోంచి మీ డ్రైవర్ ఫైలు దించి పెన్‌డ్రైవ్‌లో వేయండి. పక్కనే ఉండే ఎస్‌హెచ్‌ఏ256 సంతకం ఫైలు కూడా దించండి. పెన్‌డ్రైవ్ మౌంట్ చేసి, ఎఫ్‌డబ్ల్యూ-అప్‌డేట్‌కు పీ ఆప్షన్‌తో ఆ దారి చూపండి. సంతకం ఫైలు మర్చిపోవడం, వేరే వెర్షన్ ఫోల్డర్‌లోంచి దించడం ఇక్కడ మామూలుగా జరిగే తప్పులు. బ్లూటూత్ ఈ సిస్టమ్‌లో లేదు. ఎన్‌విడియా కార్డుకు యాక్సిలరేషన్ కూడా లేదు. అవి కావాలంటే దీని జోలికి రావద్దు.

ఫ్రీబీఎస్‌డీలో కొన్ని కార్డులకు లైసెన్సును మీరే ఒప్పుకున్నట్టు రాసివ్వాలి. పాత ఇంటెల్ ఐపీడబ్ల్యూ, ఐడబ్ల్యూఐ కార్డులకు లోడర్ కాన్ఫిగరేషన్ ఫైలులో లీగల్ అని మొదలయ్యే వరుస ఒకటి చేర్చి, దాని విలువ 1 పెడితేనే ఫర్మ్‌వేర్ లోడ్ అవుతుంది. 14.0 నుంచి ఎఫ్‌డబ్ల్యూగెట్ అనే కమాండ్ మీ హార్డ్‌వేర్‌కు కావాల్సిన ప్యాకేజీలు వెతికి పెడుతుంది.

## లినక్స్-లిబ్రే

ట్రిస్క్వెల్, పారబోలా, గ్విక్స్ డిస్ట్రోలు వాడేది ఈ కెర్నల్. సోర్సు లేని ఫర్మ్‌వేర్ తీసేయడంతో ఆగదు, దాన్ని అడిగే చోట ఫైలు పేరునే చెరిపేస్తుంది. కెర్నల్ లాగ్‌లో ఫైలు పేరు ఉండాల్సిన చోట ‘డీబ్లాబ్డ్’ అని కనబడుతుంది. కాబట్టి ఫర్మ్‌వేర్ ఫైలును మీరు తెచ్చి సరైన ఫోల్డర్‌లో పెట్టినా లోడ్ కాదు. దీన్ని లోపమనుకుని గంటలు వృథా చేసుకునేవాళ్లున్నారు. కావాలనే అలా చేశారు.

దీనికి తగిన హార్డ్‌వేర్ ముందు కొనాలి. ఏథ్9కే డ్రైవర్‌తో నడిచే పీసీఐ ఏథెరోస్ కార్డులకు ఫర్మ్‌వేర్ ఫైలే అక్కర్లేదు: ఏఆర్9285, ఏఆర్9380 లాంటివి. కొత్త ల్యాప్‌టాప్‌ల ఎమ్.2 స్లాటుకు ఏఆర్9462 దొరుకుతుంది. దాని వై-ఫై అలాగే నడుస్తుంది, బ్లూటూత్‌కు మాత్రం ఫర్మ్‌వేర్ కావాలి. పాత థింక్‌ప్యాడ్‌లలో కార్డు మార్చేముందు ఆగండి. బయాస్‌లో అనుమతించిన కార్డుల జాబితా ఉంటుంది, అందులో లేని కార్డు పెడితే 1802 ఎర్రర్ చూపించి బూట్ ఆపేస్తుంది.

యూఎస్‌బీలో అయితే ఏఆర్9271. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ మొదటి వెర్షన్‌లో ఉండేది ఇదే. అదే పేరుతో, అదే రూపంతో వచ్చిన రెండో, మూడో వెర్షన్లలో రియల్‌టెక్ చిప్ ఉంటుంది, అది ఇక్కడ పనికిరాదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో గానీ ఆన్‌లైన్‌లో గానీ సెకండ్ హ్యాండ్ కొంటే లేబుల్ మీద వెర్షన్ 1 అని ఉండాలి. అంతకన్నా నమ్మకమైన పరీక్ష, అక్కడే ల్యాప్‌టాప్‌కి గుచ్చి ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్ కొట్టడం. చిప్ గుర్తింపు అంకె 9271తో ముగియాలి.

ఈ దారి ఎంచుకున్నవాళ్ల పట్టుదల గౌరవించదగ్గది. ఒక్క విషయంలో మాత్రం ఒప్పుకోవడం కష్టం. ఫర్మ్‌వేర్ చిప్‌లోనే ముద్రించి ఉంటే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ లెక్కలో అది హార్డ్‌వేర్. అదే కోడ్ డిస్కు నుంచి ఎక్కితే నాన్-ఫ్రీ. ఈ లెక్క ప్రకారం సీపీయూలో పుట్టుకతో ఉన్న పాత మైక్రోకోడ్ పర్వాలేదు, లోపాలు దిద్దిన కొత్తది కూడదు. ఇంటర్నెట్‌కు తగిలించిన మెషీన్‌లో ఆ దిద్దుబాటు వదులుకోవడం మాకైతే సమ్మతం కాదు. కనీసం బయాస్ తాజాగా ఉంచుకోండి, తయారీదారు దానితో ఇచ్చే మైక్రోకోడ్ అయినా అందుతుంది.

## మీ మెషీన్‌లో ఏముందో చూసుకోవడం

కొనకముందే డెబియన్ 13 లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌ను ఎన్‌ఎన్‌కే ఆప్షన్లతో కొట్టండి. చిప్ పేరు, దాన్ని నడుపుతున్న డ్రైవర్ రెండూ కనబడతాయి. తర్వాత కెర్నల్ లాగ్ చూపే డీమెసేజ్ కమాండ్ ఫలితంలో ‘ఫర్మ్‌వేర్’ అని వెతకండి. మైనస్ 2 అని ఎర్రర్ ఉంటే ఫైలు దొరకలేదని అర్థం. కానీ ఇంటెల్ కార్డులతో కంగారు పడకండి. ఆ డ్రైవర్ తనకు తెలిసిన అన్నిటికన్నా కొత్త వెర్షన్ నుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టూ కిందికి దిగుతూ వెతుకుతుంది. అందుకే నాలుగైదు మైనస్ 2లు వచ్చాక ‘లోడెడ్ ఫర్మ్‌వేర్ వెర్షన్’ అన్న వరుస వస్తే అంతా బాగున్నట్టే. ‘యోయో’ అన్న పేరుతో ఒక డీబగ్ ఫైలు దొరకలేదని వచ్చే ఫిర్యాదునూ వదిలేయవచ్చు, అది వాడకానికి అక్కర్లేదు.

ఇంటెల్ కార్డు విడిగా కొని వేసేవాళ్లు ఏఎక్స్201కూ ఏఎక్స్210కూ తేడా చూసుకోవాలి. మొదటిది సీఎన్‌వీఐ రకం, అంటే వై-ఫైలో కొంత భాగం ఇంటెల్ చిప్‌లోనే ఉంటుంది. ఆ ఏర్పాటు ఉన్న ఇంటెల్ బోర్డుల్లోనే ఈ కార్డు నడుస్తుంది. ఏఎక్స్210 మామూలు పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు, ఏఎండీ మెషీన్లలోనూ నడుస్తుంది. తప్పు కార్డు వేసి ఫర్మ్‌వేర్ కోసం వెతికితే ఎన్నాళ్లైనా దొరకదు.

## ఎవరికి ఏది

ఇంటెల్ లేదా ఏఎండీ మెషీన్, రోజువారీ పని, ఏం లోడ్ అవుతోందో తెలియాలన్న పట్టింపు: డెబియన్ 13. కొత్తగా మార్కెట్లోకి వచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఫెడోరా. కొత్త చిప్‌లకు కొత్త కెర్నల్, కొత్త ఫర్మ్‌వేర్ రెండూ కావాలి, డెబియన్ స్థిర వెర్షన్ అక్కడ వెనకబడుతుంది. పాత బ్రాడ్‌కామ్ ఉన్న మెషీన్‌కి ఉబుంటు, లేదా ఆ కార్డునే పీకేసి ఏథెరోస్ వేయడం. ఈ రెండో మార్గమే మెరుగు. రూటర్, ఫైర్‌వాల్, ఈథర్నెట్‌తో నడిచే సర్వర్‌కు ఓపెన్‌బీఎస్‌డీ. సోర్సు లేనిది ఏదీ వద్దనే నిశ్చయం ఉంటే చిప్ కొన్నాక ట్రిస్క్వెల్.

ఇమేజ్ తయారుచేసి ఇతరులకు ఇచ్చేవాళ్ల లెక్క వేరు: కాలేజీ ల్యాబ్‌కు సొంత ఐఎస్‌ఓ కట్టేవాళ్లు, స్వేచ్ఛ లాగా తెలుగు డిస్ట్రో చేసేవాళ్లు, చిన్న పరికరాలు అమ్మే స్టార్టప్‌లు. మీరు వాడకందారులు కారు, పంపిణీదారులు. ఇమేజ్ సైజు తగ్గించడానికి డాక్యుమెంటేషన్ ఫోల్డర్ మొత్తం తుడిచేయడం ఇక్కడ పరిపాటి. దాంతో కాపీరైట్ ఫైళ్లు కూడా పోతాయి. ఇంటెల్ లైసెన్సు పంచడానికి పెట్టిన షరతే ఆ నోటీసు తోడుండాలని. మిగతావి తీసేయండి, ఒక్కో ప్యాకేజీ కింద కాపీరైట్ ఫైలు మాత్రం ఉంచండి. ఇమేజ్ కట్టడానికి బిల్డ్‌రూట్ అనే పనిముట్టు వాడుతుంటే, మేక్ లీగల్-ఇన్ఫో నడిపితే లైసెన్సులన్నీ ఒకచోట చేరుతాయి. అలాంటిదే ఇంకో పనిముట్టు యోక్టో అయితే లినక్స్-ఫర్మ్‌వేర్‌ను ముక్కలుగా చేసి, ఒక్కోదానికి విడి లైసెన్సు చూపిస్తుంది. మొత్తం ప్యాకేజీ వేయకుండా మీ చిప్‌కు కావాల్సిన ముక్క ఒక్కటే తీసుకోండి, సైజు కూడా తగ్గుతుంది.

రాస్ప్‌బెర్రీ పై మీద కట్టిన ఇమేజ్‌ను తర్వాత చవకని వేరే బోర్డుకు మారుద్దామనుకుంటే, దాని బూట్ ఫర్మ్‌వేర్‌ను వెంట తీసుకెళ్లే హక్కు మీకు లేదు. వై-ఫై మాడ్యూల్ అమ్మినవాళ్లు మెయిల్‌లో పంపిన ఫర్మ్‌వేర్ ఫైలు కూడా ఇంతే. ఫైలు అందింది కదా అని పంచే హక్కు రాదు. లైసెన్సు పాఠం రాతపూర్వకంగా అడగండి, ఆ మాడ్యూల్ ఫైళ్లు లినక్స్-ఫర్మ్‌వేర్‌లో ఎందుకు లేవని కూడా అడగండి. రెండిటికీ జవాబు రాకపోతే, వెయ్యి మాడ్యూళ్లకు ఆర్డర్ పెట్టకముందే వేరే చిప్ చూసుకోండి.